తాడు చివర మనిషి

నాచారం షెడ్డులో మా మేస్త్రి బోట్లకు ఇత్తడి ప్రొపెల్లర్లు పోతపోసేవాడు. వెనక తాడు పట్టుకున్న మనిషిని నీళ్ల మీద జారుతూ లాక్కెళ్లే స్కీ బోటుకు ప్రొపెల్లర్ కావాలని వచ్చినవాళ్లంతా వేగం గురించే మాట్లాడేవారు. ఆయన మాత్రం సుద్దముక్కతో నేల మీద ఒక గీత గీసి, దాని చివర చుక్క పెట్టేవాడు.

“బోటు ఎంత ఉర్కుతదో తర్వాత సూద్దాం. ఎనక తాడు పట్టుకున్నోడు ఎంత బరువుంటడు? ఆడు నీళ్లల్లకెళ్లి లేవాలె గద!”

ఆ బరువును బట్టి రెక్కల వంపు తగ్గించేవాడు. పరుగు కొంత తగ్గేది, లాగే బలం వచ్చేది.

షెడ్డు మూతపడ్డాక నాకు పెద్ద కంపెనీలో ఉద్యోగం దొరికింది. “మిమ్మల్నీ తీసుకెళ్తాను మేస్త్రీ” అని మాటిచ్చాను. ఒకసారి మేనేజరు గది దాకా వెళ్లి, కొత్తవాణ్ని కదా అని వెనక్కి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

ఏడాది తర్వాత, మెట్రో పిల్లర్లు లేస్తున్న ఉప్పల్ చౌరస్తాలో, కూలీల అడ్డా మీద టిఫిన్ సంచితో మేస్త్రి కనిపించాడు. సిగ్గుపడుతూనే నా కొత్త బండి ఆపాను. ఆయన దాన్ని ఆప్యాయంగా తడిమాడు.

“మస్తు ఉర్కుతున్నవ్ తమ్మీ!”

వెనక ఎవరున్నారని మాత్రం అడగలేదు.