కారణం: కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ఒక జబ్బు చేస్తుంది. లోకమంతా తన జీతం గురించే ఆలోచిస్తోందని అనిపిస్తుంది. నాకు ఆ జబ్బు కాస్త గట్టిగానే చేసింది. విజయవాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి ఏడాది దాటిందో లేదో, ఎప్పుడో ముసలితనంలో రావలసిన పెన్షన్ గురించి బెంగ పెట్టుకున్నాను. (అప్పటికి నాకు పెళ్ళి కూడా కాలేదు. దాని గురించి మాత్రం ఏ బెంగా లేదు.) మా ముందువాళ్ళకి చివరి జీతంలో సగం నెలనెలా వచ్చే ఏర్పాటు ఉండేది. మా వంతు వచ్చేసరికి అది తీసేసి, మా జీతంలోంచే కొంత కోసి ఎక్కడో పెట్టుబడి పెట్టి, ఆఖరికి ఎంత మిగిలితే అంత అన్నారు. పాతది తిరిగి తెప్పించేదాకా ఊరుకునేది లేదని మా యూనియన్ నాయకుడు భీష్మించుకున్నారు. ఆయన్ని మైకు మాస్టారు అనేవాళ్ళం. మైకు లేకపోయినా ఆయన గొంతు బందరు రోడ్డు అవతలికి వినపడేది.

ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ప్రభుత్వానికి మనమంటే భయం లేదు, ఓటరంటే ఉంది, కాబట్టి ఒక్కో ఉద్యోగి సొంత ఊరు వెళ్ళి యాభైమంది చేత మద్దతు సంతకాలు పెట్టించి తేవాలని మాస్టారు తేల్చారు. మనం ప్రజల మనుషులం, అడిగితే కాదనరు అన్నారు. నేను నమ్మాను. ముందు నా గది కింద టీ కొట్టాయన దగ్గర మొదలుపెట్టాను. ఆయన కాగితం తీరిగ్గా చదివి, "నేను ఈ కొట్టు మూసేసిన రోజు నాకెవరిస్తారండీ?" అని మర్యాదగా అడిగి, టీ చేతికిచ్చాడు. బస్టాండుకి తీసుకెళ్ళిన ఆటో ఆయనైతే, కూతురి సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందీ, ఏ బల్ల దగ్గర ఎవరు భోజనానికి వెళ్ళిందీ దారి పొడుగునా చెప్పుకొచ్చాడు. దిగేటప్పుడు నేను కాగితం బయటికి తీయలేదు. పట్నంవాళ్ళకి ఈర్ష్య ఎక్కువ, పల్లె అలా కాదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మా ఊరు కూచిపూడికి కాస్త ఇవతల. పాలకేంద్రం అరుగు మీద కుర్చీ వేసుకుని, పక్కన స్టాంపు ప్యాడ్ పెట్టుకుని, పైన 'పెన్షన్ మన హక్కు' అని పెద్ద అక్షరాలతో ఉన్న కాగితం పరిచాను. మొదటి వేలిముద్ర మా పెద్దమ్మది. మా నాన్న అన్నగారి భార్య. చిన్నతనంలోనే భర్త పోతే మా ఇంట్లోనే ఉండిపోయింది. రేషన్ కార్డులో అమ్మా, నాన్నా, నేనూ, ఆవిడా. ఇంకా ఏమీ చెప్పకముందే బొటనవేలు చాచి, నొక్కిపట్టి, కాసేపు అలాగే ఉంచింది. ఆవిడ వెనకాల జనం చూస్తుండగానే వరస కట్టారు. కర్రలు పట్టుకుని ముసలివాళ్ళు వచ్చారు, పొలం నుంచి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆడవాళ్ళు వచ్చారు. చాలామంది చేతుల్లో ఆధార్ జిరాక్సులు ఉన్నాయి, కొందరు ఫోటోలు కూడా తెచ్చారు. నేను అడగకుండానే ఇంత పకడ్బందీగా మద్దతు ఇస్తున్నారని నాకు కళ్ళు చెమర్చాయి. మాస్టారికి ఫోన్ చేసి, "ప్రజలు మనవైపే ఉన్నారండీ" అన్నాను. ఆయన వెంటనే దాన్ని యూనియన్ గ్రూపులో పెట్టేశారు.

ముప్పై ఎనిమిదో వేలిముద్ర దగ్గర బండి ఆగింది. ఒక పెద్దాయన ముద్ర వేసి, వేలు తువ్వాలుకి తుడుచుకుంటూ, "మా ఆడమనిషిది అర్జీ పెట్టి ఏడాదైంది బాబూ. దీంతో ఒకటో తారీఖుకల్లా వస్తుందంటావా?" అన్నాడు. ఊళ్ళో పెన్షన్ అంటే ఒక్కటే: ఒకటో తారీఖున ముసలివాళ్ళకీ వితంతువులకీ తలుపు దగ్గరికి వచ్చేది. ఆ మాటకి ఇంకో అర్థం ఉందని అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇది ఉద్యోగుల పెన్షన్ అని వివరించాను. "అంటే నీకా?" అన్నాడు పెద్దాయన. ఆ 'నీకా'లో కోపం కూడా లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అప్పటికే ముద్ర వేసినవాళ్ళంతా జిరాక్సులు వెనక్కి తీసుకున్నారు. వేలిముద్ర కూడా వెనక్కి ఇమ్మన్నారు. అదెలా ఇవ్వాలో ఏ సర్వీసు రూల్సులోనూ లేదు. ఒకామె తన ముద్ర మీదే మళ్ళీ మళ్ళీ నొక్కి నల్లటి మరక చేసి పోయింది. మిగతావి ఒక్కొక్కటీ నేనే కొట్టేశాను. కాగితం మీద పెద్దమ్మది మాత్రం మిగిలింది.

ఇంటికి వెళ్ళాక నీదీ కొట్టెయ్యనా అని అడిగాను. వద్దంది. బియ్యం ఏరుతూ, నా పెన్షనే మూణ్ణెల్లుగా రావట్లేదురా, అంది. నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. గ్రామ సచివాలయం గోడకి అంటించిన జాబితాలో ఆవిడ పేరు ఎదురుగా 'కారణం: కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి' అని ఉందట. చదువురాని పెద్దమ్మ అది అక్కడి అమ్మాయి చేత చదివించుకుని, మావాడికి ఉద్యోగం వచ్చిందని సర్కారు గోడ మీద కూడా రాశారని వీధి వీధంతా చెప్పుకుని వచ్చిందట. పెన్షన్ పోయిందన్న సంగతి ఇంటికి వచ్చాక అర్థమైంది. "నీకు పెన్షన్ లేదంటున్నావుగా నాన్నా, మరి నాదెందుకు తీసేశారు?" అని అడిగింది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. యూనియన్‌లో అడిగి చెబుతానన్నాను. (నా సర్వీసులో నేను చెప్పిన మొదటి ఆఫీసు జవాబు అదే.)

ఆ డబ్బు నెలనెలా నేనే పంపిస్తానన్నాను. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "నువ్విస్తే నువ్విచ్చినట్టురా. అది నాది" అంది. తర్వాత ఇంకో మాట చెప్పింది. పెదనాన్న పోయాక ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ ఆవిడ పెద్దమ్మో, అత్తో, వదినో. ఒకటో తారీఖు పొద్దున్నే పెన్షన్ తెచ్చే అమ్మాయి మాత్రం గుమ్మంలో నిలబడి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చదివి, చివర గారు చేర్చేది. నేనేనమ్మా, అంటూ పెద్దమ్మ బయటికి వచ్చేది. ఆ పిలుపు నా ఉద్యోగం వల్ల పోయింది.

సోమవారం ఒక్క వేలిముద్రతో ఆఫీసుకి వెళితే మాస్టారు కాగితం అటూ ఇటూ తిప్పి, ఇదీ మీ ఇంట్లోదేనా అన్నారు. అవునండీ అన్నాను. ఈవిడ సంగతి కూడా మన డిమాండ్లలో పెడదామా అని అడిగితే, ఆయన తొలిసారి గొంతు తగ్గించి, అది మన పరిధిలోది కాదయ్యా అన్నారు.

ఎన్నికల రోజు నాకు వేరే మండలంలో డ్యూటీ పడింది. జాబితా చూసి ఓటరు పేరు పైకి చదివే పని నాది. మర్నాడు ఇంటికి వెళ్ళేసరికి పెద్దమ్మ ముఖం వెలిగిపోతోంది. "పేరు పెట్టి పిలిచార్రా. గదిలో అందరూ విన్నారు" అంది. ఓటు ఎవరికి వేశావని అడిగితే, నీదీ నాదీ ఇద్దరి పెన్షనూ చూసేవాడు ఆ మిషన్లో కనపడలేదు, ఏదో ఒకటి నొక్కి వచ్చానంది. నేను నవ్వాను, కానీ లోపల చివుక్కుమంది. ముందురోజు బారు పెరిగిపోతోందని నేను ముసలివాళ్ళ పేర్లు సగం మింగేసి, వరస నంబర్లు మాత్రం గట్టిగా అరిచాను.

పెద్దమ్మ పెన్షన్ తిరిగి రాలేదు. నాదీ ఇంకా తేలలేదు. పోయినేడు ఆవిడ పోయింది. ఓటర్ల జాబితాలోంచి పేరు తీయించే దరఖాస్తు నేనే నింపాను. దాంట్లోనూ 'కారణం' అని ఒక గడి ఉంది. అక్కడ 'మరణం' అని రాశాను. ఇప్పుడు నాకు డ్యూటీ పడితే ప్రతి పేరూ ఇంటిపేరుతో సహా, గారు చేర్చి, నిదానంగా చదువుతాను. బారు కదలడం లేదని తోటివాళ్ళు విసుక్కుంటారు. ప్రజలంతా మావైపే ఉన్నారని పాలకేంద్రం అరుగు మీద కళ్ళు చెమర్చుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి, నాలో నేను నవ్వుకుని తర్వాతి పేరు చదువుతాను.