అయ్యవారు చేతులు కడుక్కున్నాడు

తెల్లదొరల పాలన నాటి మాట. మార్కాపురం దగ్గర మా ఊరి బడిలో మూడో తరగతి చదువుతున్నాను. మేం క్రైస్తవులం, అయినా ఊరికి అంటరానివాళ్లమే. నాయన పలకల గనిలో కూలి. మా పేట పిల్లలం వసారాలోనే కూర్చోవాలి. అయ్యవారు మా పలకలు ముట్టుకునేవాడు కాదు. ఎత్తి చూపిస్తే దూరం నుంచే చూసి, తప్పుంటే బెత్తంతో పొడిచేవాడు.

ఒకరోజు వానజల్లు వసారాలోకి కొడుతుంటే, రాసింది చెరిగిపోతుందని నా పలకను గడప లోపల పెట్టాను. అది లోపలి పిల్లల పలకల్లో కలిసిపోయింది. అయ్యవారు దాన్ని చేతిలోకి తీసుకుని మురిసిపోయాడు.

“అచ్చు గుద్దినట్టు రాసినారే! ఎవురిది ఇది?”

ఆయన నోట నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది. ఉబ్బిపోయి, “నాది అయ్యవారూ!” అని అరిచాను.

తేలు కుట్టినట్టు పలకను వదిలేశాడు. అది రెండు ముక్కలైంది.

“ఏమే, అంతా మైల చేసినావు గదే!” అంటూ చెంబు తెప్పించుకుని మోచేతుల దాకా కడుక్కున్నాడు. లోపలి పిల్లలు పకపకా నవ్వారు.

ముక్కలు పట్టుకుని ఇంటికెళ్లి ఏడిస్తే, నాయన రాతిపొడి అంటిన చేత్తో నా తల నిమిరాడు.

“ఆ బడిలో పలకలన్నీ నేను తీసిన రాయే గదమ్మా. ఎన్నిటికని కడుక్కుంటాడు?”

పెద్దయ్యాక నేనూ టీచరునయ్యాను. ప్రతి బిడ్డ పలకనూ రెండు చేతులా అందుకున్నాను. కానీ ఎవరైనా చెంబుతో చేతులు కడుక్కుంటుంటే, ఈ ముసలితనంలో కూడా ముఖం తిప్పుకుని లేచి వెళ్లిపోతాను.