దుప్పటికి అవతలి కొస

ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు దుప్పట్లు మడతపెట్టిన మనిషికి, అదే ఆసుపత్రిలో దుప్పటి మీద పడుకోవలసి రావడం ఎంత అవమానమో అంచులత్తను అడగాలి. అడిగినా చెప్పదు. ముఖం గోడవైపు తిప్పుకుంటుంది.

ఆ పేరు ఆమెకు లాండ్రీవాళ్ళు పెట్టిందే. అంచుకు అంచు కలవకపోతే, ఎవరు మడిచిన దుప్పటైనా సరే, విప్పి వాళ్ళ ఒళ్ళోకే విసిరేసేది. నేలమాళిగలోని ఆ గదిలో ఎప్పుడూ ఆవిరి పొగమంచులా కమ్ముకుని ఉండేది. కిటికీ లేదు, ఎండ లేదు. తడి ఆరిన తెల్లటి గుడ్డ గాల్లో ఒక్కసారి ఉబ్బి వాలినప్పుడు మాత్రం, ఎక్కడిదో పగలు ఒకటి లోపలికి వచ్చి పోయినట్టుండేది.

దుప్పటిని చూసి మనిషి సంగతి చెప్పేది అంచులత్త. లేచి తిరిగే రోగి దుప్పటి అంచుల్లో నలుగుతుంది, కాళ్ళు కిందికి దింపి కూర్చునే చోట. లేవని రోగి దుప్పటి నడుమ మాత్రమే అరుగుతుంది. నాలుగో అంతస్తు నుంచి దిగే మూటల్లో అన్నీ నడుమ అరిగినవే. మూటలు దిగేవి గానీ, అక్కడికి ఎక్కిన మనుషులు దిగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు డెబ్బై మూడేళ్ళ వయసులో, ఇంట్లో తడి నేల మీద కాలు జారి తుంటి ఎముక విరిగింది. లోపల స్టీలు ముక్క వేశారు. అయిదు వారాలైనా మంచం దిగలేదు. పెద్ద డాక్టరు మంచం పక్కన నిలబడి, శుక్రవారం లోగా వాకరు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా నలభై అడుగులు వేస్తే ఇంటికి, లేకపోతే నాలుగో అంతస్తుకి అని తేల్చేశాడు. పక్కనే ఉన్న కూతురు మరీ తొందరగా తల ఊపింది. ఆ ఊపు అంచులత్త కంట పడింది. ఇరవై రెండు మెట్లెక్కితే వచ్చే రెండు గదుల ఇల్లు తనది. అందులో ఏ గిన్నె ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలదు. ఆ ఇంటికి తాను మళ్ళీ వెళ్ళగలదన్న నమ్మకం కన్నకూతురికే లేదన్నమాట. ఆ రోజంతా కూతురితో మాట్లాడలేదు. అది తెచ్చిన పళ్ళు కూడా ముట్టుకోలేదు.

వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయంటే ఆమెకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. ఆ అమ్మాయి గొంతులో తేనె ఎక్కువ. “అమ్మమ్మా, ఒక్క అడుగు” అంటుంది. అడుగు వేస్తే తుంటిలో నిప్పు కణిక దొర్లుతుంది. రెండు కడ్డీల మధ్య నిలబెడితే, అంచులత్త కడ్డీలు పట్టుకుని కదలకుండా నిలబడి ఆ అమ్మాయిని తినేసేలా చూసేది. చివరికి ఆ అమ్మాయి ఒక నల్లటి కళ్ళజోడు పెట్టె తెచ్చింది. తలకు తగిలించుకుంటే కళ్ళ ముందు వేరే లోకం కనిపిస్తుందట. పెద్దవాళ్ళు ఆటలో పడి నొప్పి మరిచిపోయి అడుగులేస్తారట.

“గుర్రానికి కట్టే గంతలు కదూ ఇవి?” అంది అంచులత్త.

“గంతలు కాదమ్మమ్మా, తోట కనపడుతుంది.”

కనపడింది. గాలి లేని తోట. వాసన లేని పూలు. చెట్టునిండా ఎర్రటి పండ్లు, కోసి బుట్టలో వేయాలి. చేతుల్లో పెట్టిన పిడులు ఎటు కదిలితే తోటలో రెండు తెల్లటి చేతులు అటు కదులుతాయి. అంచులత్త ఒక్క పండు కూడా కోయలేదు. లేని పండ్లు కోయడానికి తనకేమైనా పిచ్చా అని అడిగింది. అడుగులు సున్నా అని యంత్రం చెప్పింది. యంత్రానికైనా నిజం చెప్పడం వచ్చినందుకు సంతోషమంది.

సోమవారం ఆ అమ్మాయి పట్టు మార్చింది. ఇద్దరాడే ఆట ఒకటుందట. అవతలి మనిషి ఇంకో అంతస్తులో ఇలాగే కళ్ళజోడు పెట్టుకుని ఉంటారు, మాటలు వినపడవు, చేతులే కనపడతాయి. ఇద్దరూ ఒక పెద్ద గుడ్డను నాలుగు మూలలా పట్టుకుని, దాని మీద పడే బంతిని జారిపోకుండా మోసి బుట్టలో వేయాలి. పడిపోకుండా నడుముకు పట్టీ కట్టి, ఆమెను గది మధ్య రబ్బరు చాప మీద నిలబెట్టారు.

గుడ్డ అనగానే అంచులత్త ఇంకేమీ వినలేదు.

తోట మళ్ళీ తెరుచుకుంది. ఈసారి పచ్చిక మీద తెల్లటి గుడ్డ ఒకటి పరుచుకుని ఉంది. అవతలి కొసన ఎవరివో రెండు తెల్లటి చేతులు, మణికట్టు దగ్గర తెగిన వెన్నెల ముక్కల్లా. గుడ్డ లేచింది. బంతి వచ్చి పడింది. బంతిని ఎవరు పట్టించుకున్నారు? గుడ్డ చేతికందగానే ముప్పై ఏళ్ళ అలవాటు మోకాళ్ళలోకి దిగింది. నాలుగడుగులు ముందుకు వేసి, మూలకు మూల అందించి, నాలుగడుగులు వెనక్కి. అవతలి చేతులూ అదే చేశాయి. బంతి ఎక్కడో దొర్లిపోయింది. యంత్రం తప్పు తప్పు అని మొత్తుకుంది. తుంటి మండుతూనే ఉంది, అయినా కాళ్ళు ఆగలేదు.

రెండో మడతలో అవతలి ఎడమ చెయ్యి, మూల అందించే ముందు, మణికట్టుతో గుడ్డను రెండుసార్లు విదిలించింది. చిన్న విదిలింపు. నీళ్ళ మీద రాయి రెండుసార్లు ఎగిరినట్టు.

అలా విదిలించే మనిషి లోకంలో ఒక్కతే.

వదిన. అన్న పెళ్ళాం. పెళ్ళై వచ్చిన ఏడాదే, ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకని చేయి పట్టుకుని లాండ్రీకి తీసుకెళ్ళింది అంచులత్తే. ఇద్దరి పొడవూ ఒకటే, అడుగూ ఒకటే. వాళ్ళు దుప్పటి మడుస్తుంటే మిగిలినవాళ్ళు చేతిలో పని ఆపి చూసేవాళ్ళు. తర్వాత ఇన్‌ఛార్జి పదవి ఖాళీ అయింది. అంచులత్తకే వస్తుందని అందరూ అనుకున్నారు. మేనేజరు వదినను లోపలికి పిలిచి అడిగితే, అంచులత్తకు ఈ మధ్య చేతులు వణుకుతున్నాయని వదిన చెప్పింది. చేతులు వణకలేదు. పదవి మాత్రం ఇంకొకరికి పోయింది. ఆ తర్వాత ఆరేళ్ళు, రోజుకు రెండు వందల దుప్పట్లు, ఒకరి ముఖంలోకి ఒకరు చూస్తూ, ఒక్క మాట లేకుండా మడిచారు. అన్న పోయిన రోజున కూడా అంచులత్త వెళ్ళి, శవాన్ని చూసి, వదినను చూడకుండా వచ్చేసింది. మాటలు పోయి పందొమ్మిదేళ్ళు.

ఆ మడత ముగించి, కళ్ళజోడు పీకేసి, అవతల ఉన్నది ఎవరని అడిగింది. పేషెంట్ల వివరాలు చెప్పకూడదంటూ ఆ అమ్మాయి నసిగింది. గోడ పక్కన కూర్చున్న కూతురు నేలచూపులు చూసింది. పక్షవాతంతో ఎడమ కాలు పడిపోయి, వదిన నెల రోజులుగా నాలుగో అంతస్తులో ఉంది. కుర్చీలో కూర్చుని చేతులతోనే ఈ ఆట ఆడుతోంది. ఆ సంగతి కూతురికి ముందే తెలుసని అప్పుడు బయటపడింది. చెబితే అమ్మ ఈ ఆసుపత్రిలోనే ఉండనంటుందని దాచింది.

“ఇంక నాకు ఈ ఆట వద్దు” అంది అంచులత్త.

“సరే అమ్మమ్మా. కానీ ఇప్పుడు కడ్డీ ముట్టుకోకుండా పదహారు అడుగులు వేశారు.”

అంచులత్త చాలాసేపు పళ్ళు నూరింది. తర్వాత కళ్ళజోడు తీసుకుని తనే తగిలించుకుంది.

మంగళవారం, బుధవారం, గురువారం ఆ తోటలో జరిగింది వ్యాయామం కాదు, యుద్ధం. బంతి సంగతి వదిలేసి మడతలే పెట్టుకోమంది అమ్మాయి. మడతకు నాలుగడుగులు ముందుకు, నాలుగు వెనక్కి. అయిదు మడతలైతే నలభై అడుగులు. అవతలి చేతులు గుడ్డను గట్టిగా గుంజేవి, అంచులత్త ఇంకా గట్టిగా గుంజేది. వదిన వేగం పెంచితే తాను రెట్టింపు పెంచేది. నొప్పికి కళ్ళజోడు లోపల కన్నీళ్ళు కారినా ఆగేది కాదు. ఆ మనిషి ముందు తూలడం కంటే తుంటి ఇంకోసారి విరగడం మేలనిపించేది. తనకు కావలసింది తన ఇల్లు. దాని దారి ఆ పాపిష్టి చేతుల మీదుగా పోతోంది, అంతే. గురువారానికి అయిదు మడతలూ పూర్తయ్యాయి.

శుక్రవారం పెద్ద డాక్టరు స్వయంగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కూతురు తలుపు దగ్గర నిలబడింది. ఆటలో నలభై అడుగులు వేశాక వాకరుతో చూద్దామన్నాడు. మొదటి మడత అయింది. రెండోదీ అయింది. మూడోది అయి వెనక్కి వచ్చి నిలబడ్డాక, అవతలి చేతులు గుడ్డను వదిలేశాయి.

జారిపోలేదు. వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పి, కావాలనే వదిలేశాయి. గుడ్డ పచ్చిక మీద వాలిపోయింది. ఆ రెండు చేతులూ గాల్లో కదలకుండా అలాగే ఉన్నాయి.

ఇరవై నాలుగడుగులు అంది యంత్రం. పెద్ద డాక్టరు నిట్టూర్చి, ఇంకో నెల పైన ఉంచి చూద్దామని కాగితం మీద రాశాడు.

అంచులత్త కళ్ళజోడు తీసి చాప మీద పడేసింది. నడుము పట్టీ విప్పుకుంది. గోడకు ఆనించి ఉన్న వాకరు లాక్కుని బయటికి నడిచింది. అమ్మాయి పట్టుకోబోతే, “చెయ్యి వేశావంటే ఊరుకోను” అంది. పెద్ద డాక్టరు లేచి, ఆపవద్దని సైగ చేసి వెంట నడిచాడు. అమ్మాయి అడుగులు లెక్కపెట్టుకుంటూ, కూతురితో పాటు వెనకే వచ్చింది. పొడుగాటి వసారా అది. కిటికీల వెలుగు నేల మీద చతురస్రాలుగా పడి ఉంది. ఆమె ఒక్కొక్కదాన్నీ తొక్కుకుంటూ పోయింది. లిఫ్టులో ఎవరి ముఖమూ చూడలేదు.

నాలుగో అంతస్తులో, కిటికీ పక్క కుర్చీలో, ఒళ్ళో నల్లటి కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉంది వదిన. సగానికి సగం అయిపోయింది. నోరు ఒక పక్కకు లాగేసింది.

“ఎందుకు వదిలేశావు?” అంది అంచులత్త.

“అయిదూ అయిపోతే నువ్వు ఇంటికెళ్ళిపోతావు.” వదిన మాట తడిగుడ్డలా బరువుగా, ముద్దగా వచ్చింది. “నువ్వని మొదటి రోజే తెలుసు నాకు. ఇక్కడ నాకింకెవరున్నారు?”

అంచులత్త వాకరు మీద ముందుకు వంగింది. “ఆ రోజు మేనేజరుకు చెప్పింది కూడా ఇందుకేనా?”

వదిన దాచలేదు. “నువ్వు ఇన్‌ఛార్జివై బల్ల ముందు కూర్చుంటే నా అవతలి కొస ఎవరు పట్టుకునేవారు? ఆ చేతగానిదా, కొత్తగా వచ్చినదా?”

పందొమ్మిదేళ్ళుగా అది అసూయ అనుకుంది అంచులత్త. అసూయ అయినా బాగుండేదనిపించింది ఇప్పుడు.

“నీకు జోడీ కావలసి వచ్చినప్పుడల్లా నా కాళ్ళు విరగ్గొడతావా వదినా?”

వదిన ఎడమ చెయ్యి ఒళ్ళో ఉన్న కళ్ళజోడు తాడును చుట్టి విప్పుతోంది. వెనక పెద్ద డాక్టరు ఎన్ని అడుగులని మెల్లగా అడిగాడు. తొంభై రెండని అమ్మాయి చెప్పింది. ఆయన కాగితం మీద ఇందాక రాసింది కొట్టేసి, ఇంటికి అని రాసి సంతకం పెట్టాడు.

“వారానికి రెండుసార్లు రావచ్చంటమ్మా, ఈ ఆటకు” అంది కూతురు భయం భయంగా. “బయటినుంచి కూడా రానిస్తారట.”

వదిన తల ఎత్తింది. “వస్తావా?”

“రాను.”

“ఒక్కసారైనా.”

“నువ్వు చచ్చినా రాను” అంది అంచులత్త, గొంతు పెంచకుండా, నిద్రలో మాట్లాడినంత మెత్తగా. వాకరును నాలుగు చిన్న అడుగుల్లో తిప్పుకుంది. తిరిగేటప్పుడు తుంటి కలుక్కుమంటే పెదవి కొరుక్కుంది గానీ, కూతురు చాచిన చెయ్యి అందుకోలేదు.

లిఫ్టు తలుపులు మూసుకునేదాకా వదిన అటే చూస్తూ ఉండిపోయింది. అంచులత్త మాత్రం తలుపు పైన మారే ఎర్రటి అంకెలకేసి చూస్తూ నిలబడింది, ఒకటి వచ్చేదాకా.