బస్సు అద్దం మీది ఆవిరి

“నీళ్లు పోస్తే మంట ఆరిపోతది. నీళ్లతోని మంట ఎట్ల పెడతరే? పూర్ణ ఊర్ల గోదాం నౌకరి దొరికింది, సప్పుడు చేయక రేపు పో.”

“నాయనమ్మా, సముద్రం నీళ్లల్లకెల్లి గ్యాస్ తీసుడు నేర్పే కోర్సు అది. పేరు రాయించుటానికి రేపే ఆఖరు. గోదాం యాడికి పోతది?”

ముంబై పక్కన కల్యాణ్ నుంచి మేముండే భివండీకి వచ్చే బస్సులో నేనూ మనవరాలూ ఇట్లా కొట్లాడుకుంటుంటే, ముందు సీటామె వెనక్కి తిరిగి నవ్వింది. అటువంటి గ్యాస్ తీసే ప్లాంటులోనే పనిచేస్తుందట.

“ఎండతోని, గాలితోని కరెంటు తీస్తం పెద్దమ్మా. సముద్రం నీళ్లల్ల ఉప్పు తీసేసి ఆ కరెంటు పెడితే హైడ్రోజన్ గ్యాస్ వస్తది. అది మండినంక మళ్ల నీళ్లే అయితది.”

“మరి పొగ?” అన్నాను. మా నార్పోలి పేటలో నూలుకు గంజి పెట్టే కార్ఖానాల బాయిలర్ల మసి పడి, ఆరేసిన బట్టలే మళ్లీ ఉతికి సబ్బులు అరగదీసినదాన్ని నేను.

ఆమె కిటికీ అద్దం మీద హా అని ఊదింది. అద్దం మసకబారింది.

“గింతే పొగ. తుడిచి చూడు.”

వేలితో తుడిచి చూసుకున్నాను. తడి తప్ప నలుపు లేదు. కాల్చేసినా మళ్లీ మొదటిలాగే చేతికొచ్చే సరుకు గురించి నేను అంతకుముందు వినలేదు. ఆమె పేరైనా అడగకముందే దిగిపోయింది.

మరునాడు పొద్దున పూర్ణ గోదాంకు పోలేదు. మనవరాలికన్నా ముందు నేనే చెప్పులేసుకుని, తనతో కాలేజీకి వెళ్లి ఆ కోర్సులో తన పేరు రాయించి వచ్చాను.