మేము వెళ్ళని కమిషన్

కరోనాకు ముందటి ఏడాది వేసవిలో నన్ను విజయనగరం నుంచి భోగాపురం దగ్గరి ఒక మత్స్యకార గ్రామానికి పంపారు. అప్పుడు నేనొక స్వచ్ఛంద సంస్థలో న్యాయ సమన్వయకర్తను. అంటే, జనం కష్టం విని, దాన్ని ఏ గుమ్మం ముందు పెట్టాలో తేల్చి, కాగితాలు సిద్ధం చేసే ఉద్యోగం.

పడవలు ఆగే ఒడ్డు నుంచి రోడ్డుకు వచ్చే కాలిదారిని కొత్త రొయ్యల హేచరీ ఒకటి కంచె వేసి మూసేసింది. ఆడవాళ్ళు గంపలతో ఇసుకలో చుట్టూ తిరిగి రోడ్డెక్కేసరికి మొదటి బస్సు వెళ్ళిపోయేది. ఎండెక్కాక గజపతినగరం బజారుకు చేరిన చేపను అడిగే దిక్కుండేది కాదు.

హైకోర్టులో రిట్ వేస్తే వచ్చేది ఆదేశం, పాటించక తప్పదు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ చేసేది సిఫారసే. అయితే అక్కడ బాధితులే తెల్లకాగితం మీద రాసి ఇవ్వొచ్చు, తమ మాట తామే చెప్పుకోవచ్చు. చిక్కల్లా ఇదే. కోర్టులో ఉన్న విషయాన్ని కమిషన్ తీసుకోదు, సంఘటన జరిగి ఏడాది దాటినా తీసుకోదు. అందుకే ముందు ఎటు వెళ్ళాలన్నదే అసలు నిర్ణయం.

ఊరి సమావేశంలో మగవాళ్ళు కూర్చున్నారు, ఆడవాళ్ళు వెనక నిలబడ్డారు. కులపెద్ద తాతారావు హైకోర్టే అన్నాడు. చేపలమ్మే ఎర్రమ్మ వెనక నుంచి నన్నడిగింది.

"బాబూ, ఆ కోర్టులో నాను మాటాడొచ్చా?"

వకీలు మాట్లాడతాడన్నాను.

"మరి కమిషన్ కాడ?"

"నువ్వే చెప్పొచ్చమ్మా."

"అయితే అక్కడికే ఎల్దుం."

తాతారావు నవ్వాడు. "ఒసే, నువ్వేటి సెప్తావే? సేపల బేరమనుకున్నావేటి?"

"బేరమే మావా. ఒడ్డుకొచ్చీదాకే సేప నీది. ఆ తర్వాత తోవ నాది."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఊళ్ళో వేట మగవాళ్ళది, అమ్మకం ఆడవాళ్ళది. అది తెలిసీ, కమిషన్‌కు కోరలు లేవమ్మా అని మాట ముగించి, పెద్దల సంతకాలతో రిట్ వేయించాను.

ప్రతివాదులు జవాబు వేయడానికి గడువు మీద గడువు అడిగారు. లాక్‌డౌన్ వచ్చింది. ఏడాది దాటి, కమిషన్ తలుపు దానంతటదే మూసుకుపోయింది. చివరికి తీర్పు మాకే అనుకూలంగా వచ్చింది, గేటు తెరిచారు. అప్పటికి పడవలు పక్క ఊరి ఒడ్డున ఆగుతున్నాయి, చేపలు కొనే షావుకారి ఐసు వ్యాను అక్కడికే వచ్చి చేప ఎత్తుకుపోతోంది. ఎర్రమ్మ రొయ్యల షెడ్డులో కూలికి తలలు తీస్తోంది.

"తెరిసినారట గదా బాబూ, మంచిదే," అంది చేతులు ఆపకుండానే. "ఇప్పుడు గంప ఎవులికి ఉన్నాది?"

కమిషన్ మా ఫిర్యాదును తిప్పి పంపిందని మా సంస్థలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. మేము వెళ్ళనే లేదు, వెళ్ళొద్దన్నది నేను. వెళ్తే గేటు తెరుచుకునేదని చెప్పలేను. ఆమె మాట్లాడి ఉండేదని మాత్రం చెప్పగలను.

కంచె పడకముందు, వేరే పని మీద వెళ్ళి, ఆ తోవను ఒక్కసారే చూశాను. గంపల నీళ్ళు భుజాల మీదికి కారుతుంటే, ఒకరినొకరు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, బస్సు కోసం పరుగులాంటి నడకతో వస్తున్నారు. మళ్ళీ చూడాలని ఉంటుంది. చూద్దామంటే ఆ తోవలో గంపలతో నడిచేవాళ్ళే లేరు.

ఏ గుమ్మానికి ఎంత అధికారం ఉందో చెప్పడం వరకే మా పని. ఎన్నాళ్ళు ఆగగలరో గంప మోసేవాళ్ళకే తెలుసు. ఏ గుమ్మం ఎక్కాలో వాళ్ళనే చెప్పనివ్వాలి.