గౌరమ్మ కూర్చున్న రాకెట్

పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసే రోజుల్లో నాకు పండుగలంటే గుబులు. పండుగంటే ఇంట్లో ఇంకో డ్యూటీ. ఆ ఏడు బడివాళ్లు కూడా తమ వంతు తగిలించారు. ఇంట్లో పనికిరాని వస్తువులతో, ఏదైనా పండుగ గుర్తొచ్చేలా రాకెట్ బొమ్మ చేయాలట. అమ్మలు దగ్గరుండి చేయించాలట. నాలాంటి అమ్మలు కూడా ఉంటారని ఆ టీచరుకు తోచినట్టు లేదు.

నా కూతురు ఐదో తరగతి. అంతకుముందు ఏడాది ఇలాంటి ఎగ్జిబిషన్‌కే, నాకు తీరిక దొరక్క, ఒట్టి చేతులతో పోయింది. నీకు అమ్మ లేదా అని తోటిపిల్లలు అడిగారని చాలా రోజుల తర్వాత చెప్పింది. ఈసారి అమ్మతోనే చేస్తానని పట్టుబట్టింది. బతుకమ్మ రాకెట్ అని పేరు కూడా తనే పెట్టుకుంది.

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, అన్నం తిని మొదలుపెట్టాను. తెల్లారితే ఎగ్జిబిషన్. ఫ్యాక్టరీలో రేకు కాగితం చుట్టి వచ్చే అట్ట గొట్టం ఒకటి అడిగి తెచ్చాను. దాని కింద ఖాళీ పౌడరు డబ్బా, పక్కలకు పాత పెళ్లి పత్రికలు కత్తిరించిన రెక్కలు. ఉడికించిన మైదాతో అన్నీ అంటించాను. ఇక చుట్టూ తంగేడు, గునుగు పూలు పేర్చాలి. రెండు వరుసలు అయ్యాయో లేదో, గోడకు ఆనుకున్నదాన్ని ఆనుకున్నట్టే నిద్రపోయాను.

లేచేసరికి రాకెట్ పూర్తయింది. మిగతా పూలన్నీ పిల్లే పేర్చింది. ముక్కు దేనితో చేయాలో తోచక, బతుకమ్మ పైన నేను ఏటా ఏం పెడతానో అదే పెట్టింది. పసుపు తడిపి గౌరమ్మను చేసి, కుంకుమ బొట్టు పెట్టి, కొసన కూర్చోబెట్టింది. మా అత్తమ్మ వచ్చి చూసి దండం పెట్టుకుంది.

"గౌరమ్మను పెట్టినంక ఇగ అది బొమ్మ గాదు బిడ్డా. పొద్దుగూకంగనే సాగనంపాలె."

గౌరమ్మను ఒక్కదాన్నే తీసి నీళ్లలో వేద్దామన్నాను. బొట్టు పెట్టి కూర్చోబెట్టిన తల్లిని పూల మీది నుంచి లేపుతామా అని అత్తమ్మ అడిగింది. ఒళ్లు మండింది, కానీ వాదించే ఓపిక లేదు. నిజానికి నాకూ చేయి రాలేదు. పిల్ల మా ఇద్దరి మొహాలు చూసి, ఏడుపు దిగమింగుకుని, రాకెట్‌ను తనే పళ్లెంలో పెట్టింది.

ఆ సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లు నవ్వుకుంటూనే దాని చుట్టూ చప్పట్లు కొట్టి ఆడారు. చెరువులో వదిలితే, నురగ తేలే ఆ నీళ్లలో కాసేపు నిలబడి పక్కకు ఒరిగిపోయింది.

మర్నాడు పిల్ల లేవకముందే డ్యూటీకి పోయాను. మందులు పెట్టెల్లో సర్దుతున్నంతసేపూ, ఒట్టి చేతులతో నిలబడ్డ నా బిడ్డే కళ్ల ముందు మెదిలింది. ఇంటికొచ్చేసరికి గడపలో కూర్చుని జామకాయ తింటోంది. నాయనమ్మను వెంటబెట్టుకుని బడికి పోయిందట. రాకెట్‌ను ఎందుకు సాగనంపాల్సి వచ్చిందో ఆమే టీచరుకు విడమరిచి చెప్పిందట.

"గా రాకెట్ ఎవరు చేసిండ్రని టీచర్ అడిగింది. మా అమ్మ చేసిందని చెప్పిన."

నేను పేర్చింది రెండు వరుసలే. చెప్పులు విడవకుండానే నా బిడ్డ పక్కన కూలబడ్డాను.