అప్పగింతలతో మొదలైన పెళ్లి

ఆ ఘోరం జరిగిన రోజు చిన్నకోడూరులో, అక్క అత్తగారింట్లో హాజరు ఇలా ఉంది: అక్క, బావ, కర్ర పట్టుకుని నడుస్తున్న అత్తమ్మ, గోడకు రెండు మేకులు, చేర్యాల నుంచి వచ్చిన ఒక చుట్టిన పటం, నేను. వీటన్నిటిలో పటాన్ని పాడు చేయగలిగినంత చదువు నాకొక్కడికే ఉంది.

అక్క పెళ్లినాడు అత్తమ్మ కాలు విరిగి దవాఖానలో ఉంది. కొడుకు పెళ్లి చూడలేదన్న దిగులు ఆమెకు ఏడాదైనా పోలేదు. పెళ్లంతా నకాశీ పటంగా, అంటే పొడుగు గుడ్డ మీద పైనుంచి కిందికి వరుస బొమ్మలుగా గీయించి, మొదటి నుంచి చూపిస్తానని అక్క మాటిచ్చింది. చేర్యాల చిత్రకారుడికి ఫొటోలు పంపే పని నాకు అప్పజెప్పింది. ఇంట్లో కంప్యూటర్ చదివినవాడుంటే ఇలాంటి ప్రమాదాలు తప్పవు.

నా ఫోన్ ఫొటోలు చిత్రకారుడి పాత ఫోన్‌లో తెరుచుకోలేదు. సిద్దిపేటలో కూర్చుని ఏదో ఉచిత యాప్‌తో అన్నిటినీ మామూలు జేపీజీలుగా మార్చాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందంటారు. నా మందుకు ఫొటోలు తీసిన తేదీలూ వేళలూ ఊడిపోయాయి. అన్నిటికీ మార్చిన నాటి తేదీయే పడింది, అదీ యాప్ చివరి ఫొటోతో మొదలుపెట్టి వెనక్కి మార్చుకుంటూ పోయిన వరుసలో. అది చూసుకోకుండా తేదీల వరుసలో పేర్చి, నంబర్లు వేసి, "వరుస తప్పకుండా గీయండి" అని పెద్ద ఇంజినీరులా పంపాను.

బావ పటాన్ని తగిలించి పైనుంచి విప్పాడు. మొదటి బొమ్మలో అక్క కారెక్కుతూ ఏడుస్తోంది.

"గిదేంది, పిల్ల మొదలుకే ఏడుస్తుంది?" అంది అత్తమ్మ.

రెండో బొమ్మ విందు. మూడోది తాళి.

"తాళి కట్టకముందే బువ్వలు తిన్నరా?"

"ఆకలైందేమోనే అమ్మా," అన్నాడు బావ.

"నువ్వు ఊకో. తమ్మీ, ఏం చేసినవ్‌రా?" అక్క నా వైపు తిరిగింది.

నేను వాకిట్లోకి పోయి చిత్రకారుడికి ఫోన్ చేశాను. "పెళ్లి తలకిందులైంది కదండీ, ఒక్క మాట అడగొద్దా?"

"మీ ఇంట్ల ఆచారం గట్లుందేమో అనుకున్న సారూ. వరుస తప్పొద్దంటిరి గదా."

తిరిగొచ్చేసరికి అత్తమ్మ చిట్టచివరి బొమ్మ మీద వేలు పెట్టి నిలబడింది. అది పెళ్లిచూపులు. ఒక పెద్దావిడ అక్కకు బొట్టు పెడుతోంది.

"గీమె నేనే గదా?"

"మీరే అత్తమ్మా. తప్పు వడ్డది, మళ్ల గీయిస్తం," అంది అక్క.

"ఎందుకే? ఏడుపులయినయి, తిండ్లయినయి, తాళయింది. ఆఖరుకు నేనొచ్చిన. పెళ్లికి లేటైనా అందుకున్న గదా. గిట్లనే ఉండనియ్యి."

అత్తమ్మ చేతికర్ర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఫొటోగానీ వీడియోగానీ మార్చాల్సి వస్తే, ముందు ఒక్కదాన్ని మార్చి, దాని తేదీ బతికే ఉందో లేదో నాడి పట్టి చూస్తాను. చూడకుండా రెండోదాన్ని ముట్టను.

ఆ పటం చూసి, తమ ఇంటి పెళ్లినీ అప్పగింతల నుంచే గీయించుకున్న చుట్టాలు: ముగ్గురు.